వంగి మోసే కమాన్

సీతాఫలానికి తగిలిన దెబ్బ ఆ రోజు కనబడదు. బాలానగర్ గుట్టల కింద తెల్లవారుజామున లోడు ఎత్తేటప్పుడు ప్రతి కాయా గట్టిగా, పచ్చగా, కన్ను విచ్చిన సందుల్లో లేత పసుపు తిరిగి ఉంటుంది. బండి హైదరాబాదు చేరాక, గంపలో ఒక రాత్రి గడిచి కాయ మెత్తబడుతున్నప్పుడు బయటపడుతుంది, ఎక్కడెక్కడ నలిగిందో. దెబ్బ పడ్డ చోట తోలు నల్లబడి, లోపలి గుజ్జు నీరు కారుతుంది. పోయిన దసరాకు ముందు నా పికప్‌లో దింపిన గంపల్లో అడుగు వరుసవన్నీ అట్లాగే నల్లబడ్డాయి. వ్యాపారి నన్ను ఒక్క మాట అనలేదు. ఒక కాయ విప్పి నా చేతిలో పెట్టాడు. బండి కింద కమాన్ కట్టలు మార్చాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

నేను పుట్టి పెరిగింది సీతాఫల్‌మండిలో. ఉస్మానియాలో చరిత్ర ఎం.ఏ. చదివాను. ఉద్యోగం కోసం కొన్నేళ్లు తిరిగి, చివరికి బండి కొనుక్కున్నాను. ఇరవై రెండేళ్లుగా తార్నాక, హబ్సిగూడ, అడిక్‌మెట్ చుట్టూ సరుకు తోలుతున్నాను. సీజన్‌లో పళ్లు, వేసవిలో హాస్టళ్లు ఖాళీ చేసే పిల్లల మంచాలూ పుస్తకాల పెట్టెలూ, మిగతా రోజుల్లో ప్రయోగశాలలకు గాజు సామాను. మా తాత ఎడ్లబండి తోలాడు. మా నాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు. మూడు తరాలుగా మా ఇంటికి అన్నం పెట్టింది చక్రాల మీది బరువే. ఆ బరువుకూ చక్రానికీ నడుమ ఏముందో, ఎప్పుడు వచ్చిందో రాయాలని చాలా కాలంగా ఉంది.

మాటతోనే మొదలుపెడతాను. లారీ కింద, బస్సు కింద, పికప్ కింద ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలను మన డ్రైవర్లందరూ కమాన్ పట్టీలంటారు. మొత్తం పేర్పును కమాన్ కట్ట అంటారు. కమాన్ అంటే ఫార్సీలో, ఉర్దూలో విల్లు. పట్టీలను విప్పి పక్కకు తిప్పి చూస్తే నిజంగానే ఎక్కుపెట్టని విల్లులా ఉంటాయి. అదే మాటకు హైదరాబాదులో ఇంకో అర్థం ఉంది. చార్మినార్ పక్కన చార్ కమాన్ ఉంది. అక్కడ కమాన్ అంటే రాతితో కట్టిన పెద్ద వంపు ద్వారం. మా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ తలవాకిలి కూడా కమానే. 1934లో పునాది వేసి 1939లో తెరిచిన ఆ గ్రానైట్ భవనం మెట్ల మీద కూర్చుని రెండేళ్లు పరీక్షలకు చదివాను. అప్పుడు తట్టలేదు గానీ బండి పట్టాక తట్టింది. రెండూ వంపులే, రెండూ బరువు మోసేవే. రాతి కమాన్ కదలకుండా మోస్తుంది. ఉక్కు కమాన్ వంగి మోస్తుంది. వంగడం మానేసిన రోజున అది కమాన్ కాదు, ఇనుప దుంగ.

మా తాత బండికి కమాన్ లేదు. ఇరుసు మీద నేరుగా బండి మంచం. తుమ్మ కర్ర చక్రం, చుట్టూ ఇనుప పట్టా, ఇరుసుకు కందెన. ఘట్‌కేసర్ అవతలి గుట్టల్లో సీతాఫలం ఎవరూ నాటకుండానే కాసేది. ఆ కాయను తెచ్చి అమ్ముకునే మండి కాబట్టే మా పేటకు ఆ పేరు వచ్చిందని పెద్దలు చెప్పేవారు. తార్నాక అంటే ముళ్లతీగ కట్టిన నాకా, అంటే చెక్‌పోస్టు అని కూడా వాళ్లే చెప్పేవారు. తాత పొద్దుగూకాక బయల్దేరి, రాత్రంతా నడిపించి, తెల్లారేసరికి నాకా దాటేవాడట. బండిలో అడుగున మూర లోతు వరిగడ్డి, దాని మీద సీతాఫలం ఆకు, ఆ పైన గంపలు. ఎద్దులను ఎప్పుడూ తొందరపెట్టేవాడు కాదు. గడ్డి, ఆకు, ఎద్దు నడక, ఈ మూడే ఆ బండికి స్ప్రింగులు. కాయ నల్లబడేది కాదని నాయనమ్మ గర్వంగా చెప్పేది. వేగం లేని చోట దెబ్బ కూడా చిన్నదే. గంటకు మూడు మైళ్లు పోయే చక్రం రాయి ఎక్కి దిగుతుంది. నలభై మైళ్లు పోయే చక్రం రాయిని గుద్దుతుంది.

వేగం కోరుకున్నది గుర్రపు బండి. ఐరోపాలో దొరల బండ్లు చాలా కాలం తోలు పట్టాల మీద ఊయలలా వేలాడేవి. 1804లో ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ అనే బండ్ల తయారీదారు రెండు విల్లులను ఎదురెదురుగా కలిపి, కోడిగుడ్డు ఆకారంలో ఉక్కు స్ప్రింగు చేసి పేటెంటు తీసుకున్నాడు. బండి అడుగున ఉండే బరువైన దూలం అక్కర్లేకుండా పోయింది, బండి తేలికైంది. ఆ తరహా కమాన్ తర్వాతి రోజుల్లో మన టాంగాల కిందికీ వచ్చింది. నా చిన్నప్పుడు సికింద్రాబాద్ స్టేషన్ ముందు ఇంకా కొన్ని టాంగాలు ఉండేవి. మనిషి ఎక్కగానే వెనక్కి ఒక్కసారి కుంగి, మళ్లీ లేచి సర్దుకునేది బండి. ఆ కుంగుడు నాకు చాలా ఇష్టం.

రైలు సంగతి మా ఇంటి సంగతి. నిజాం రైల్వే 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ చేరింది. లాలాగూడ వర్క్‌షాప్ 1893లో వచ్చింది. మెట్టుగూడ, చిలకలగూడ, సీతాఫల్‌మండి, ఈ పేటల్లో రైల్వే జీతం రాని ఇల్లు తక్కువ. మా నాయన పనిలో చేరింది 1961లో. అప్పటికి రెండు రకాల పెట్టెలు పక్కపక్కనే నడుస్తున్నాయి. పాత చెక్క పెట్టెల కింద మన లారీలకున్నట్టే పట్టీల కమాన్లు. 1955 నుంచి మద్రాసు పెరంబూరు ఫ్యాక్టరీలో, స్విస్ నమూనాతో తయారై వస్తున్న ఉక్కు పెట్టెల కింద చుట్టల స్ప్రింగులు. పెట్టె మరమ్మతుకు వచ్చినప్పుడు బోగీ, అంటే పెట్టె కింది చక్రాల చట్రం, విప్పి ప్రతి స్ప్రింగునూ బయటికి తీసి, కడిగి, పగుళ్లున్నాయేమో చూసి, మిషన్ మీద నిర్ణీత బరువు వేసి ఎంత కుంగిందో కొలిచేవారు. ఆ కొలతను బట్టి పసుపు, నీలం, ఆకుపచ్చ, మూడు రంగుల్లో ఒకటి పూసేవారు. ఒక బోగీకి ఒకే రంగు. కొత్తదీ పాతదీ కలపడం, పసుపు పక్కన ఆకుపచ్చ పెట్టడం కుదరదు. నాయన చేతి గోళ్లలో ఆ రంగులు ఉండేవి. అన్నం కలుపుతుంటే చూసి, ఏ రోజు ఏ రంగు పనో మేము చెప్పేవాళ్లం.

స్ప్రింగు ఊగుడును ఆపే డాష్‌పాట్ గురించి నాకు చెప్పింది కూడా ఆయనే. అప్పుడు తొమ్మిదో తరగతి. సైకిల్ పంపు తెచ్చి, మూతి దగ్గర నా వేలు పెట్టి మూయించి, పిడి నొక్కమన్నాడు. నొక్కితే పోదు, వేలు కొంచెం వదిలితే మెల్లగా పోతుంది. "రైలు చుట్ట స్ప్రింగు నడుమ ఇట్లాంటిదే ఉంటది. గాలికి బదులు నూనె. చిన్న కన్నాల నుంచి నూనె దూరాలె. స్ప్రింగు దెబ్బను మింగుతది, నూనె దాన్ని అరిగిస్తది. మింగి అరిగించుకోకుంటే కక్కుడే గదా" అన్నాడు. స్ప్రింగు మింగిన దెబ్బను వెనక్కి కక్కడం అంటే బండి ఊగుతూనే ఉండడం. షాక్ అబ్జార్బర్ చేసే పని ఇంత స్పష్టంగా చెప్పిన పుస్తకం నేను ఇప్పటిదాకా చదవలేదు.

పాత కమాన్ పట్టీల బండ్లకు డాష్‌పాట్ లేకుండానే ఎట్లా నడిచిందని అడిగాను. పట్టీ మీద పట్టీ రాసుకుంటుంది, ఆ రాపిడే దెబ్బను అరిగిస్తుందన్నాడు. కమాన్ కట్టలో ఉన్న మేలూ కీడూ ఈ రాపిడిలోనే ఉన్నాయి. పెద్ద గుంతలో పడ్డప్పుడు ఊగుడును ఆపేది అదే. చిన్న గతుకుల మీద పట్టీలను కదలనీయకుండా కరిచిపట్టుకునేదీ అదే. తుప్పు పట్టిన కట్ట అయితే చిన్న గతుకుకు అసలు వంగదు, దెబ్బంతా సరుకుకే పోతుంది.

రైలు నుంచి రోడ్డుకు వస్తే, బస్సుల కథ ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. 1932లో నిజాం రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. రైలు నడిపిన సంస్థే రోడ్డెక్కింది. తర్వాత 1942లో వచ్చిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ బస్సు బాడీలు కట్టింది. 1980లలో అదే ఆల్విన్, జపాను నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు తయారుచేసింది. 1989లో ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి పోయింది. మన దగ్గర తయారైన తేలికపాటి సరుకు బండి అదొకటి ఉండేదని ఈ తరం డ్రైవర్లలో చాలామందికి తెలియదు. అందుకే రాస్తున్నాను.

సందుల్లోకి దూరే చిన్న బండి అందరికీ అందింది 2005లో టాటా ఏస్ వచ్చాక. మావాళ్లు ఛోటా హాథీ అన్నారు. దాని ముందు చక్రాల మీద పారాబోలిక్ కమాన్. ఈ రకం పట్టీ నడుమ మందంగా, చివరలకు పలచగా సాగి ఉంటుంది. బరువు పొడవునా సమంగా పంచుకుంటుంది కాబట్టి ఎక్కువ పట్టీలు అక్కర్లేదు. పట్టీలు ఒకదానికొకటి నడుమనా చివరనా తప్ప తగలవు. రాపిడి తక్కువ, చిన్న గతుకు కూడా మెత్తగా దాటుతుంది. అయితే రాపిడి చేసే పని కూడా తగ్గింది కాబట్టి, షాక్ అబ్జార్బర్ మంచిది ఉండి తీరాలి. మా నాయన సైకిల్ పంపు ఇక్కడ పనికొచ్చింది. పారాబోలిక్ వేయించుకుని పాత షాకర్లే ఉంచుకుని, బండి పడవలా ఊగుతోందని వాపోయిన వాళ్లకు నేను ఈ మాటే చెప్పాను.

ఇక నా బండి. నాకన్నా ముందు దాన్ని నడిపిన మనిషి ఇసుక, ఇటుక తోలాడు. బరువు ఆగడానికి కమాన్ కట్టలో రెండేసి పట్టీలు ఎక్కించాడు. కొన్నప్పుడు అది బలం అనుకున్నాను. ఒక వానాకాలం రాత్రి గుంతలో పడి మెయిన్ పట్టీ నడుమ బోల్టు కన్నం దగ్గర విరిగింది. ఇంకోసారి గాజు కుప్పెల పెట్టెలు తీసుకెళ్తే, పెట్టె తెరిచిన అమ్మాయి ముఖం చూసి కిరాయి అడగలేకపోయాను. ఆ తర్వాతే ఈ సీతాఫలాలు.

ఆలుగడ్డబావి వైపు ఒక కమాన్ షెడ్డు ఉంది. యజమానిని మేమంతా చాచా అంటాం. డెబ్బై దగ్గర పడ్డాడు. వాళ్ల నాన్న టాంగాలకు కమాన్లు కట్టేవాడు. ఇప్పటికీ షెడ్డులో బొగ్గు కొలిమి, దాగలి, రెండు సమ్మెటలు ఉన్నాయి. ఎక్కువ పని మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పట్టీలు బిగించడమే.

"బేటా, మెత్తదనం కావాల్నా, బలం కావాల్నా?" అన్నాడు.

"రెండూ కావాలె చాచా."

"దొరుకుతయ్. ముందుగాల నువ్వు రోజూ ఏసే బరువెంతో చెప్పు. ఎప్పుడన్న ఒక్కనాడు ఏసేది కాదు, రోజూ ఏసేది."

చెప్పలేకపోయాను. ఇరవై రెండేళ్లు బరువు మోసిన మనిషిని, నా బరువు నాకే తెలియదు. చాచా పని మొదలుపెట్టలేదు. నెల రోజులు ప్రతి లోడూ కాటా వేయించి రాసుకుని రమ్మన్నాడు. చిట్టా రాశాను. ఇరవై ఆరు రోజుల్లో ఇరవై ఒక్క రోజు ఆరు వందల కిలోలు దాటలేదు. టన్ను పైన పడింది రెండే రోజులు.

చిట్టా చూశాక కట్ట విప్పాడు. యూ క్లాంపులు వదులు చేసి, సెంటర్ బోల్టు తీసి, పట్టీలన్నిటినీ పొడవును బట్టి నేల మీద పరిచాడు. కంపెనీవి ఆరు, ఎక్కించినవి రెండు. పట్టీల మధ్య నుంచి ఎర్రటి తుప్పు పొడి రాలింది. ఒక్కో పట్టీ చివర కింది పట్టీ మీద రాసుకున్న చోట బొటనవేలు పట్టేంత గుంట, అద్దంలా మెరుస్తూ. పట్టీ విరగడం అక్కడి నుంచే మొదలవుతుందని చాచా గోరుతో గీసి చూపించాడు. తర్వాత వెర్నియర్ పెట్టి మందం కొలిచాడు. కంపెనీ పట్టీ 7 మి.మీ. ఎక్కించిన పట్టీ 9 మి.మీ.

రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ పట్టీ బిరుసు దాని మందాన్ని మూడుసార్లు గుణించిన లెక్కన పెరుగుతుంది. 7ను మూడుసార్లు గుణిస్తే 343, 9ని గుణిస్తే 729. పొడవు, వెడల్పు ఒకటే అయితే ఒక్క 9 మి.మీ. పట్టీ రెండు 7 మి.మీ. పట్టీల కన్నా బిరుసు. ఆ పాత యజమాని ఎక్కించింది రెండు పట్టీలు, బండి కిందికి చేరింది నాలుగు పట్టీల బిరుసు. ఇటుక లోడుకు కట్టిన కమాన్ మీద నేను సీతాఫలం మోశాను. ఆరు వందల కిలోలు దానికి లెక్కలోకే రాలేదు, అది వంగనే లేదు. ఈ గుణకారం చాచాకు కాగితం మీద తెలియదు. "కొంచెం మందం, చాలా జిద్దు" అంటాడు. అదే లెక్క.

పాత పట్టీలనే మళ్లీ వంపు ఎత్తించవచ్చా అని అడిగాను. ఖర్చు సగమవుతుంది. చల్లని ఇనుమును సమ్మెటతో కొట్టి ఎత్తితే కొన్ని నెలల్లో మళ్లీ చదునవుతుందన్నాడు. సరిగా చేయాలంటే నారింజ రంగు వచ్చేదాకా, ఎనిమిది వందల యాభై డిగ్రీల వరకు కాచి, అచ్చు మీద వంచి, నూనెలో ముంచాలి. అప్పుడు ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్లీ ఐదు వందల డిగ్రీల లోపు కాచి ఆ పెళుసుతనం తీయాలి. "కొలిమిల రంగు చూసి మా అబ్బాజాన్ చేసేటోడు. నాకు ఇప్పుడు కండ్లు ఆనుతలేవు బేటా. కొత్తవి తీసుకో" అన్నాడు. తన చేతికి వచ్చిన పనిని తానే వద్దన్న ఆ మనిషి మీద గౌరవం నాకు ఇంకా పెరిగింది.

చివరికి తేల్చింది ఇది. పైన నాలుగు పలచటి పట్టీలు, వాటి కింద వంపు తక్కువగా ఉండే మందపాటి హెల్పర్ పట్టీ ఒకటి. మామూలు లోడులో హెల్పర్‌కు పని లేదు, పై నాలుగే వంగుతాయి. టన్ను పడ్డ రోజు పై పట్టీలు దిగి హెల్పర్ మీద ఆనుకుంటాయి. పట్టీల చివరల్లో రాపిడి తగ్గడానికి నైలాన్ బిళ్లలు. పట్టీల చివరి కంట్లో వేసే బుష్‌లు రబ్బరువి, కొత్తవి. కడిగించినప్పుడల్లా కమాన్ల మీద పాత ఇంజిన్ ఆయిల్ కొట్టించే అలవాటు నాకుండేది. కిర్రుచప్పుడు ఆగేది గానీ, ఆ నూనెకే రబ్బరు ఉబ్బి బుష్‌లు చెడ్డాయని విప్పాక తెలిసింది. షాకర్లు నాలుగూ మార్చాను. ఆ వానాకాలం రాత్రి విరిగింది ఎడమ వైపు కదా, కుడి వైపు ఉంచుకుందామా అని చాచా కుర్రాడు అడిగితే వద్దన్నాను. ఒక బోగీకి ఒకే రంగు. రెండు వైపులా ఒకేసారి బిగించాం. పట్టీ చివరలను చట్రానికి పట్టే షాకిల్ పిన్నులు మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే గట్టిగా బిగించాడు చాచా. జాకీ మీద ఉండగా బిగిస్తే, దించగానే బుష్ మెలిపడి చిరుగుతుందట.

టైర్లలో గాలి కూడా తగ్గించాను. ఖాళీగా తిరిగే రోజున కూడా నిండు లోడు గాలి ఉంచుకోవడం మా అందరి అలవాటు.

మొదటి ట్రిప్పు తార్నాక నుంచి సీతాఫల్‌మండి దాకా ఖాళీగానే. పైన మెట్రో పోతోంది. 2017 నుంచి మా తలల మీద తిరుగుతున్న ఆ పెట్టెల కింద ఉన్నవి గాలి స్ప్రింగులు. మా నాయన ఉంటే టికెట్ కొని ఎక్కి, నేల మీద అరికాలు ఆనించి కళ్లు మూసుకుని నిలబడేవాడు. రైలెక్కినప్పుడల్లా ఆయన చేసే పని అదే. స్పీడ్ బ్రేకర్ మీద బండి ఒక్కసారి కుంగి, ఒక్కసారి లేచి, సర్దుకుంది. టాంగా గుర్తొచ్చింది.

వారం తర్వాత బాలానగర్ నుంచి గంపలు తెచ్చాను. అడుగున మా తాత లెక్కనే గడ్డి పరిచి, ఆ పైన ఆకు వేశాను. మండిలో దింపాక ఆ రాత్రి ఇంటికి పోయినా నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే వెళ్లి అడుగు వరుస గంపలు నేనే విప్పాను. కాయలు మెత్తబడ్డాయి, కళ్లు పూర్తిగా విచ్చుకున్నాయి, తోలు పచ్చగానే ఉంది. రెండు గంపల్లో కలిపి మూడు కాయలు నల్లబడ్డాయి. ఆ మూడూ పక్కకు తీసి పెట్టాను.

బండి నుంచి తీసేసిన 9 మి.మీ. పట్టీలను చాచా తూకానికి వేయలేదు. కమాన్ ఉక్కు కొడవళ్లకు మంచిదని మన కమ్మర్లందరికీ తెలుసు. తర్వాతి ట్రిప్పులో వాటిని బాలానగర్ తీసుకెళ్లి, గుట్ట మీద ముళ్లు నరుక్కుంటూ కాయ కోసే రైతుకు ఇచ్చాను. ఒక పట్టీకి ఎన్ని కొడవళ్లు వస్తాయో చేత్తో జానలు కొలుస్తూ ఆయన కమ్మరి ఇంటి వైపు నడిచాడు.